నీలమ్మ కాపలా కాసిన మనిషి

కంప్యూటర్ తెర మీద, మంచు కురిసే అడవిలో, ఒక వంతెన దగ్గర ఆ మనిషి నిలబడి ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు.

అతని వీపు మాత్రమే కనిపిస్తుంది. భుజాలు మెల్లగా లేచి మెల్లగా దిగుతాయి. కొంతసేపటికి ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటాడు. అప్పుడప్పుడు మెడ రుద్దుకుంటాడు. నీలమ్మ పని నుంచి వచ్చి, చెప్పులు విప్పి, మొదట ఆ గదిలోకే తొంగిచూసేది. ఉన్నాడా? ఉన్నాడు. అప్పుడు పోయి కాళ్లు కడుక్కునేది.

అతన్ని అక్కడ నిలబెట్టి వెళ్లింది ఆమె కొడుకు రితేష్. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక సాయంత్రం ఒళ్లు కాలిపోతుంటే కుర్చీలోంచి లేచాడు. "జర పండుకుంటనే అమ్మా. దీన్ని బంద్ చెయ్యకు, సేవ్ కాలే" అన్నాడు. తెల్లారి దవాఖానకు తీసుకుపోయారు. మళ్లీ ఇంటికి తెచ్చేసరికి వాకిట్లో టెంటు వేసి ఉంది, తెచ్చినవాడిలో ప్రాణం లేదు. ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు. సేవ్ అంటే ఏమిటో నీలమ్మకు తెలియదు. బంద్ చెయ్యకు అన్నది మాత్రం తెలుసు. కొడుకు ఆమెకు అప్పజెప్పిన ఆఖరి పని అది.

నీలమ్మ పుట్టింది కందుకూరు దగ్గర పల్లెలో. కాశయ్యను చేసుకుని ఇబ్రహీంపట్నం వచ్చినప్పుడు ఊరి చుట్టూ జొన్న చేలు. ఆ చేలల్లో కలుపు తీసింది. చేలు ప్లాట్లయ్యాక అవే చేతులు సాగర్ రోడ్డు మీది కర్రీ పాయింట్లో గరిటె పట్టాయి. ముఖాలు కూడా తెలియని ఎందరి ఇళ్లలోనో రాత్రి అన్నంలోకి ఆమె వేసిన ఉప్పూ కారమూ చేరేవి. కాశయ్య తుర్కయాంజాల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. పొద్దంతా గేటు దగ్గర మాటలు ఖర్చయిపోతాయేమో, ఇంటికి ఒక్క మాటా మిగిల్చుకుని వచ్చేవాడు కాదు.

ఇంట్లో మాటలన్నీ రితేష్‌వే. కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పని. ఆఫీసులవాళ్లు పనికిరావని పారేసినవి ఏరుకొచ్చి తన కోసం ఒక కంప్యూటర్ కూర్చుకున్నాడు. దానికి రెండు తెరలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పాత సామాను మీద అదైతేనే మంచిగా నడుస్తుందని లైనక్స్ అనే సిస్టమ్ వేశాడు. తెర వెనక బొమ్మగా దాని గుర్తైన తెల్ల పొట్ట పక్షిని పెట్టాడు.

"గీ బాతేందిరా, గింత లావుంది?" అంది నీలమ్మ మొదటిసారి చూసి.

"బాతు కాదే, పెంగ్విను."

"ఏదైతేంది. గుడ్లు పెడ్తదా?"

"పెడ్తది. నువ్వు కూర వండుదువు గని."

పెద్ద తెర వాడి ఆటకు, చిన్న తెర అమ్మ సీరియల్‌కు. నీలమ్మ వెనక మంచం మీద కూర్చుని ఎల్లిపాయలు వొలిచేది. వాడు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కుర్చీలో. ఆమెకు ఎప్పుడూ కనిపించేది వాడి వీపు. ఆ వీపుకు అవతల, పెద్ద తెర నిండా, ఇంకో వీపు. ఒక వీపు వెనక ఒక వీపు, రెండూ ఎక్కడికో పోతున్నట్టు ఉండేవి.

ఆ ఆటకు ఒక పిచ్చి గుణం ఉండేది. తెర నిండా పరుచుకున్నా, మౌసు బాణాన్ని తన హద్దులో ఆపుకోలేకపోయేది. బాణం పక్క తెర మీదికి జారేది. అక్కడ పొరపాటున నొక్కితే ఆట మొత్తం మాయం. "ఇగ పోయింది!" అని వాడు తల కొట్టుకునేవాడు. దాన్ని సరిచేయడానికి తెర మీద నల్ల పలకలు తెరిచి ఏవేవో తెల్ల అక్షరాలు కొట్టేవాడు. వాడి దోస్తు సాల్మన్ రాజు మంచం మీద కూర్చుని, లైనక్స్‌ను బాతనీ అందరూ వాడే సిస్టమ్‌ను కోడనీ ఎక్కిరించేవాడు.

"అరే, నీ బాతును అమ్మి కోడిని కొనుక్కోరాదు బే. అందరింట్ల ఉన్నది కోడే."

"కోడినైతే కోసుకొని తింటరు. బాతుతోనైతే ఆడుకుంటరు. నీకేం తెలుస్తది!"

ఇప్పుడు ఆ గదిలో ఎవరూ ఎవర్నీ ఎక్కిరించరు. చిన్న తెర మీద సీరియల్ ఆ సాయంత్రం ఆగినచోటే ఆగి ఉంది. ఎవరో కోడలు మాట మధ్యలో పెదవులు విప్పి అలాగే ఉండిపోయింది. ఆమె ఏమనబోయిందో తెలుసుకోవాలని నీలమ్మకు లేదు. పెద్ద తెర వైపు తిరిగి ఆ రోజు ఏం వండిందో చెప్పేది. "ఇయ్యాల దొండకాయ జర మాడింది." భుజాలు లేచేవి, దిగేవి. వింటున్నట్టే ఉండేది.

"ఆపెయ్యరాదే దాన్ని" అన్నాడు కాశయ్య ఒకసారి, గుమ్మం బయటే నిలబడి.

"నువ్వు దాని జోలికి రాకు."

కాశయ్య అప్పటినుంచి ఆ గది వైపు రావడమే మానేశాడు.

ఒక మధ్యాహ్నం, వార్డులో నీళ్లు వదిలే జయపాల్ గల్లీలో చెప్పుకుంటూ పోయాడు. "రేపు పొద్దంత కరెంట్ ఉండది. రోడ్డు ఎడల్పు చేస్తున్నరు, స్తంభాలు జరుపుతరంట." నీలమ్మ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. కొద్దిసేపు పోయే కరెంటును ఇంట్లో ఇన్వర్టర్ ఓర్చుకునేది. పొద్దంతా ఓర్చుకునే శక్తి ఆ పాత బ్యాటరీకి లేదు.

ఆ సాయంత్రం ఆమె పనికి పోలేదు. గదిలో కూర్చుంది. రేపు ఇదే పొద్దుకు ఆ వంతెన ఉండదు, ఆ మంచు ఉండదు, ఆ ఊపిరి ఉండదు. చేతులు ఊరుకోలేక కొంగుతో బల్ల మీది దుమ్ము తుడిచింది. కొంగు మౌసుకు తగిలింది. తెర మీది అడవి గిర్రున కదిలింది. ఉలిక్కిపడి మౌసును ఆపబోయి నొక్కింది. చిన్న తెర మీద కోడలు మాట్లాడటం మొదలుపెట్టింది. పెద్ద తెర మీద మనిషి లేడు. వంతెన లేదు. తెల్ల పొట్ట పక్షి ఆమెను చూస్తూ ఉంది.

నీలమ్మ గొంతులోంచి వచ్చిన కేకకు పక్కింటివాళ్లు బయటికి వచ్చారు.

ఫోనందుకున్న సాల్మన్ రాజు హెల్మెట్ తీయకుండానే లోపలికి వచ్చాడు. "ఏమైందమ్మా? నాన్నకేమన్న..."

"పోయిండు బిడ్డా. రేపు పోయేటోణ్ని నేను ఇయ్యాల్నే పోగొట్టిన."

అతను తెరను చూశాడు, ఆమెను చూశాడు. హెల్మెట్ తీసి మంచం మీద పెట్టి, కూర్చోకుండానే రెండు మీటలు కలిపి నొక్కాడు. మంచు మళ్లీ కురిసింది. వీపు కనిపించింది, భుజాలు లేచాయి.

"పోలేదమ్మా. పక్క తెర మీద నొక్కినవ్ గదా, గిది ఎనుకకు పోయింది. గంతే."

"ఎనుకకు పోయినోడు పిలుస్తె వస్తడా?"

"గీడైతే వస్తడు."

అనేశాక సాల్మన్ నాలుక కరుచుకున్నాడు. నీలమ్మ కరెంటు సంగతి చెప్పింది. అతను చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"సేవ్ చేస్తే రేపు కరెంట్ పోయినా ఏం గాదు. తర్వాత గిట్లనే మళ్ల వస్తడు. గని గీ ఆటల మీట నొక్కితే సేవ్ గాదమ్మా. మనిషిని ఇంటికి తోల్కపోయి పండవెట్టాలె. పండుకుంటేనే సేవ్ అయితది."

"గందుకేనా వాడు బంద్ చెయ్యకన్నది?"

"అవ్. ఇల్లు దూరముంది. నడిపియ్యనీకి ఓపిక లేకుండె కావచ్చు."

రితేష్ కుర్చీలో ఇద్దరిలో ఎవరూ కూర్చోలేదు. సాల్మన్ మౌసు పట్టుకున్నాడు. ముందుకు నడిపే మీట ఏదో చూపించాడు. దాని మీద అక్షరం అరిగిపోయి నున్నగా, చిన్న గుంటలా ఉంది. రితేష్ వేలు చేసిన గుంట. పసుపు మరకల వేలు అందులో పెట్టి నీలమ్మ నొక్కింది. ఇన్నాళ్లూ నిలబడ్డ మనిషి అడుగు వేశాడు.

సాల్మన్ ఇంకో మీట నొక్కగానే అతను పరుగందుకున్నాడు.

"ఉరికియ్యకు బిడ్డా. మెల్లగ పోనీ."

వంతెన దాటాడు. చెట్ల మధ్య వెలుతురు సన్నబడింది. మంచులో అడుగులు పడుతున్నాయి, వెనక ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. నీలమ్మ రెప్ప వేయలేదు. గుమ్మంలో అలికిడైంది. డ్యూటీ నుంచి వచ్చిన కాశయ్య, వాచ్‌మన్ చొక్కాలోనే, లోపలికి వచ్చి నిలబడ్డాడు.

"ఏడికి పోతుండే?"

"ఇంటికి."

కాశయ్య మంచం మీద కూర్చున్నాడు.

కొండ వెనక ఒక కర్ర ఇల్లు. లోపల నిప్పు, ఒక మూల పరుపు. తెర మీద ఇంగ్లిషు అక్షరాలు వచ్చాయి. "పండుకుంటవా అని అడుగుతుందమ్మా. అవ్ అనాలంటే గిది నొక్కు" అన్నాడు సాల్మన్. నీలమ్మ వేలు మీట పైన కాసేపు ఆగింది. తర్వాత దిగింది.

మనిషి పరుపు మీద ఒరిగాడు. అప్పుడు, ఇన్నాళ్లలో మొదటిసారి, అతను ఇటు తిరిగాడు.

ఎండిన పెదవులు, ఎర్ర గడ్డం, చెంప మీద పాత గాటు. నలభై ఏళ్లు దాటిన ఎవరో పరదేశి. రితేష్ పోలిక ఒక్కటీ లేదు.

"గీడెవడు?" అన్నాడు కాశయ్య.

సాల్మన్ తల దించుకున్నాడు. "ఆటల మనిషి నాన్నా. ఎవలు ఆడినా గీ మొఖమే ఉంటది."

నీలమ్మ ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. తన దొండకాయల సంగతి, తన నిద్ర పట్టని సంగతి విన్నది ఇతనా? కోపం వస్తుందేమో అనుకుంది, రాలేదు. నడిచి నడిచి అలసిపోయి ఉన్నాడు.

"ఎవల కొడుకో" అంది. "బూట్లు గూడ ఇప్పకుండనే పండుకుండు."

తెర మీద కళ్లు మూతపడ్డాయి. మూలన చిన్న గుర్తు వెలిగి ఆరింది.

"సేవ్ అయింది, అమ్మా."

"ఇగ బంద్ చెయ్యి బిడ్డా."

"రేప్పొద్దుగాల దాంక ఉండనియ్యొచ్చు గదా..."

"వద్దు. చెయ్యి."

సాల్మన్ చేశాడు. రెండు తెరలూ ఆరిపోయాయి. డబ్బాలోని ఫ్యాను ఇంకొన్ని తిరుగుళ్లు తిరిగి ఆగింది. ఇన్నాళ్లూ ఆ చప్పుడు ఉందని అది ఆగాకే తెలిసింది. ఆ నిశ్శబ్దంలో కాశయ్య, కొడుకును మట్టి చేసిన రోజున కూడా ఏడవని కాశయ్య, మోకాళ్ల మధ్య ముఖం దాచుకుని ఏడవడం మొదలుపెట్టాడు.

నీలమ్మ ఆ కుర్చీని ఇటు తిప్పింది. తెరలకు వీపు పెట్టి, అందులో కూర్చుని, మొగుడి మోకాలి మీద చెయ్యి వేసింది.