నాంచారమ్మ ఎడమ చెయ్యి

పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయి గుంటూరు ఆసుపత్రిలో చేరిన నాంచారమ్మకు, బాగున్న ఎడమచేతిని చూస్తేనే కంపరం. పడిపోయిన చేతిని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, ఎడమచేతిని మాత్రం దుప్పటి కింద దాస్తుంది. రోగులకు తమ పనులు తాము చేసుకోవడం మళ్లీ నేర్పే సలోమీ ఎండుమిరపకాయలు ముందు పోస్తే, ఆ చేత్తోనే చకచకా తొడిమలు తీస్తుంది. అన్నం కంచం పెడితే మొహం తిప్పేస్తుంది. "ఛీ! కడుక్కునే చేత్తో తింటారా? నా వల్ల కాదండీ." అందుకే కోడలు పున్నమ్మ తినిపిస్తోంది. వంకరపోయిన మూతిలోంచి గోంగూర పులుసు గడ్డం మీదకి కారుతుంది. పున్నమ్మ ముద్దముద్దకీ ముక్కు చిట్లించి, వేళ్లు మంచం కోడుకి రాస్తుంది.

ఆ రోజు పున్నమ్మ దొడ్డికెళ్లిన అత్తను తుడిచి శుభ్రం చేసి, చేతులు కడుక్కొచ్చి అన్నం కలిపింది. నాంచారమ్మ ముద్దకి నోరు తెరవలేదు.

"ఏందే, ఇందాక రెండు చేతులూ పెట్టి నన్ను తుడిచావుగా?"

"సబ్బుతో కడుక్కున్నాగా అత్తా! ఇంకెవరి చేతులు తెచ్చేది?"

నాంచారమ్మ కాసేపు ఆ చేతుల్నే చూసింది. "ఆ సబ్బు ఇటు తే" అంది. చచ్చుబడ్డ కుడి అరచేతిలో సబ్బు పెట్టించుకుని, ఎడమచేతిని దానికేసి ఎర్రబడేదాకా రుద్దింది. పున్నమ్మ నీళ్లు పోసింది. నాంచారమ్మ ఆ ఎడమచేత్తోనే ముద్ద కలిపి, కళ్లు మూసుకుని మింగింది.

"ఛీ" అంది. రెండో ముద్ద కలుపుకుంది.