పాస్టరుగారింటి పేక

ఆ రోజుల్లో మా ఇంట్లో పాపాలకి కూడా ఒక వరస ఉండేది. అన్నిటికన్నా కింద అబద్ధం, దాని మీద సినిమా, సినిమా మీద సారా, అందరికీ పైన దర్జాగా పేకాట. తాగినవాడు పొద్దున్నే లేచి కనీసం సిగ్గుపడతాడు, పేకాడేవాడు పొద్దున్నే లేచి మళ్ళీ ముక్కలు పంచుతాడు అని మా నాన్న సిద్ధాంతం. నాన్న కోడూరు దగ్గర ఓ చిన్న ఊళ్ళో పాస్టరు. (ఊరంతా ఆయన్ని అయ్యగారు అనేవారు, నన్ను అయ్యగారమ్మాయి అనేవారు. ఈ రెండో ఉద్యోగానికి జీతమూ లేదు, సెలవులూ లేవు.) అలాంటి ఇంట్లో పుట్టిన నేను బందరు వెళ్ళి బియస్సీలో స్టాటిస్టిక్స్ తీసుకున్నాను. ఎందుకంటే కెమిస్ట్రీ ల్యాబు వాసన నాకు పడదు. స్టాటిస్టిక్స్‌కి వాసన ఉండదని సీనియర్ చెప్పింది. అందులో సగం లెక్కలు పేకముక్కల మీద, మిగతా సగం పాచికల మీద నిలబడి ఉంటాయని మాత్రం చెప్పలేదు.

మా లెక్చరర్‌కి మేం పెట్టుకున్న పేరు గంట మాస్టారు. ఏ పాఠం మొదలెట్టినా ముందు బోర్డు మీద గంట ఆకారంలో ఒక గీత గీసి, “లోకమంతా దీని కిందే ఉందర్రా” అనేవారు. అదే నార్మల్ డిస్ట్రిబ్యూషన్. (తెలుగు పుస్తకంలో సామాన్య విభాజనం. సామాన్యులకి అర్థం కాదు కాబట్టి ఆ పేరు పెట్టారని మా క్లాసు నమ్మకం.) కానీ ఆ గంట దాకా వెళ్ళకముందే నేను సంభావ్యత దగ్గర బోర్లా పడ్డాను. మొదటి యూనిట్ టెస్టులో “బాగా కలిపిన పేకలోంచి ఒక ముక్క తీస్తే అది రాణి అయ్యే సంభావ్యత ఎంత?” అని ఇచ్చారు. నేను పుట్టి బుద్ధెరిగాక పేకముక్కని కళ్ళతో చూడలేదు. మొత్తం యాభై రెండని పుస్తకంలో చదివాను. రాజ్యానికి ఒక రాజు, ఆ రాజుకి ఒక రాణి ఉండడం మర్యాద కదా అని యాభై రెండింట ఒకటి అని రాసేశాను. తర్వాతి లెక్కలో బొమ్మముక్క అంటే రాజు, రాణి, మంత్రి, ఒక ఏనుగు వేసుకున్నాను. మాస్టారు నా పేపరు పైకెత్తి పట్టుకుని, “ఒకే రాజు, ఒకే రాణి, వాళ్ళకో ఏనుగు. ఎంత పద్ధతైన పేకర్రా!” అన్నారు. క్లాసంతా బల్లలు చరిచి నవ్వింది.

మార్కులు పోస్టులో ఇంటికి చేరాయి. దసరా సెలవులకి వెళ్ళేసరికి నాన్న గుమ్మంలోనే తీర్పు చెప్పేశాడు. “ఏడాది చివర కూడా ఇదే వరసైతే హాస్టలు ఖాళీ చేసి వచ్చెయ్యమ్మా. అవనిగడ్డలో టైపు నేర్చుకుందువుగాని.” టైపు మీద నాకేం కోపం లేదు. కానీ బందరులో కోనేరు సెంటరు బజ్జీలున్నాయి, హాస్టలు మేడ మీద కబుర్లున్నాయి, అన్నిటికీ మించి అక్కడ నన్ను అయ్యగారమ్మాయి అనేవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ ఊరు వదులుకోవడం నా వల్ల కాదు. అందుకని మర్నాడు మధ్యాహ్నం తిన్నగా మా మావయ్య రొయ్యల చెరువుకి వెళ్ళాను. మావయ్య అంటే అమ్మ తమ్ముడు. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప మందిరం గడప తొక్కనివాడు. నాన్న దృష్టిలో తప్పిపోయిన గొర్రె, ఊరి దృష్టిలో రమ్మీలో మొనగాడు.

“మావయ్యా, పేకముక్కలు ఎలా ఉంటాయో చూపించవా?” అన్నాను. మావయ్య ముందు చుట్టూ చూశాడు. తర్వాత నన్ను చూశాడు. “మీ నాన్న పంపించాడా నన్ను పట్టుకోమని?” అన్నాడు. నేను పుస్తకం తెరిచి చూపించాక, కాపలా పాకలో చూరులోంచి పేక తీసి చాప మీద పరిచాడు. ఇస్పేటు, కళావరు నలుపు, ఆఠీను, డైమను ఎరుపు అని ఓపిగ్గా చెప్పాడు. నలుగురు రాణుల్ని ఒకేసారి చూసి నేను నోరెళ్ళబెట్టాను. “రెండు ముక్కలు తీస్తే రెండూ రాజులయ్యే సంభావ్యత ఎంత మావయ్యా?” అనడిగితే మాత్రం, “ఇన్నేళ్ళుగా ఆడుతున్నాను, నాకెప్పుడైనా వచ్చారా? సున్నా రాసెయ్” అన్నాడు. అలా మేం రాజుల గురించి వాదించుకుంటుండగానే గట్టు మీద నాన్న స్కూటరు చప్పుడైంది. మందిరం స్త్రీల సమాజంలో ఒక పిన్నిగారు పాక వైపు తొంగి చూసి, ఆ శుభవార్త మా ఇంట్లో చెప్పి వచ్చారట.

మావయ్య కంగారులో చేతికందిన పేకనంతా చెరువులోకి విసిరేశాడు. మునుగుతుందనుకున్నాడు పాపం. ప్లాస్టిక్ పూత ముక్కలు, ఒక్కటీ మునగలేదు. నీళ్ళు చిలికే ఏరేటరు తిప్పుతుంటే రాజులూ రాణులూ ఊరేగింపుగా ఒడ్డు వైపు వచ్చేశారు. అందరికన్నా ముందు కళావరు రాణి నాన్న చెప్పుల దగ్గర ఆగింది. (నీళ్ళ మీద నడవడం గురించి నాన్న కిందటి ఆదివారమే ప్రసంగించాడు.) నాన్న రాణిని చూశాడు, మావయ్యని చూశాడు, చివరికి నన్ను చూశాడు. “లెక్కలు నాన్నా” అన్నాను ఏడుపు గొంతుతో. నాన్న పుస్తకం అందుకుని గట్టు మీదే నిలబడి చదివాడు. సంచిలో ఎర్రబంతులు, నల్లబంతులు అన్నచోట తలూపాడు. పాచికలు అన్నచోట కళ్ళజోడు సర్దుకున్నాడు. పేక వచ్చేసరికి, “ఇది కాలేజీ పుస్తకమా, క్లబ్బు పుస్తకమా?” అన్నాడు. “ముక్కలు తెలీకపోతే లెక్క రాదు నాన్నా, లెక్క రాకపోతే టైపే” అన్నాను. నాన్న ఈ విషయం ప్రార్థనలో పెడతానని చెప్పి స్కూటరు తిప్పాడు.

తెల్లారేసరికి జవాబు వచ్చింది. నేను లేచేటప్పటికి నాన్న వసారాలో పాత శుభలేఖల అట్టలు ముందేసుకుని, కత్తెరతో సమానంగా ముక్కలు కోస్తున్నాడు. “నాలుగు రకాలే కదా కావాలి? నాలుగు సువార్తలు ఉండనే ఉన్నాయి” అన్నాడు. మత్తయి, లూకా ఎర్రసిరాతో, మార్కు, యోహాను నల్లసిరాతో రాశాడు. అంకెలన్నీ అధ్యాయాలు. ఆసు అంటే ఒకటో అధ్యాయం. రాజుల దగ్గర ఇబ్బంది రాలేదు, బైబిలు నిండా రాజులే. రాణుల దగ్గరే చిక్కొచ్చింది. “మరియమ్మగారు?” అంది అమ్మ. “ఆవిణ్ణి రాణి అనేది ఆర్‌సియమ్ కేథలిక్కులు, మనం అనం” అని నాన్న కొట్టిపారేసి, చాలాసేపు ఆలోచించి ఎస్తేరునీ, షేబ దేశపు రాణినీ ఎరుపులో వేశాడు. మొగుడి మాట వినని వష్తికీ, దుర్మార్గురాలు యెజెబెలుకీ నలుపు దక్కింది. ఈలోగా, క్షమాపణ అడగడానికి వచ్చిన మావయ్య గుమ్మంలోంచే, “జోకరు లేకుండా పేకేంటి బావా?” అన్నాడు. “జోకరంటే?” “ఏ ముక్క లేకపోతే ఆ ముక్క వేషంలో వచ్చి కూర్చునేవాడు.” నాన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “అయితే ప్రభువుని పట్టిచ్చిన ఇస్కరియోతు యూదా” అని రాసేశాడు.

ఆ పేకతో నాకు సంభావ్యత చకచకా వచ్చేసింది. చిక్కల్లా ఏంటంటే ముక్కలు ఊరికే తీసి పెట్టడం కొన్నాళ్ళకి అందరికీ విసుగొచ్చింది. మావయ్య నెమ్మదిగా, “తలో ఏడు పంచుకుంటే అమ్మాయికి ఇంకా బాగా అర్థమవుతుంది బావా” అన్నాడు. పంచుకున్నాం. “వరసగా ఉన్న అధ్యాయాలు పక్కపక్కన పెట్టుకుంటే వాక్యం కూడా గుర్తుంటుంది” అన్నాడు. పెట్టుకున్నాం. మూడోరోజు అమ్మ ఉన్నట్టుండి, “మత్తయి ఐదు, ఆరు, ఏడు! ఏవండీ, కొండమీది ప్రసంగం మొత్తం నాకే వచ్చింది!” అని కేకేసింది. మావయ్య ఆనందం పట్టలేక, “షో కొట్టెయ్యక్కా!” అన్నాడు. నాన్న తలెత్తాడు. “షో అంటే ఏంట్రా?” మావయ్య గుటక మింగాడు. “సాక్ష్యం చెప్పడం బావా.” నాన్న తన చేతిలో ముక్కలు చూసుకుని, “అయితే మీ అక్కని ఇప్పుడే సాక్ష్యం చెప్పనివ్వకు, నాకు లూకా తొమ్మిది ఒక్కటే రావాలి” అన్నాడు. సెలవులు అయ్యేదాకా దివిసీమలో అంత భక్తిగా రమ్మీ ఆడిన కుటుంబం ఇంకోటి ఉండి ఉండదు. అది రమ్మీ అని తెలిసినవాళ్ళం ఇంట్లో ఇద్దరమే.

గంట మాస్టారి గంట కూడా ఆ వసారాలోనే తేలింది. సగటు, దాని చుట్టూ ప్రామాణిక విచలనం అని నేను గొణుక్కుంటుంటే మావయ్య, “మీ నాన్న ప్రసంగానికి వేసి చూడు. సగటున నలభై ఐదు నిమిషాలు, అటూ ఇటూ ఐదు. వాచీ చూసుకుంటూ కూర్చున్నవాణ్ణి, నాకు తెలుసు” అన్నాడు. (ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడికి ఎలా తెలుసని ఎవరూ అడగలేదు.) లెక్క వేశాను. యాభై ఐదు నిమిషాలు దాటేవి వందకి రెండు పైచిలుకు. “మంచివన్నీ అవేనమ్మా” అన్నాడు నాన్న. అరగంట లోపు ముగిసేవి ఏడొందల నలభైకి ఒకటి. మావయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, “అంటే పద్నాలుగేళ్ళకి ఒక ఆదివారం. ఇది వనవాసం కదా బావా!” అన్నాడు. “ఆ కథ మనది కాదు” అన్నాడు నాన్న, కానీ మీసం కింద నవ్వు దాచలేకపోయాడు.

ఏడాది చివర ప్రాక్టికల్స్‌కి గుడివాడ నుంచి ఒక పెద్దాయన ఎగ్జామినర్‌గా వచ్చారు. నోటి పరీక్షలో నన్ను కూర్చోబెట్టి, తేలిగ్గా మొదలుపెడదామని కాబోలు, “పేకలో ఎన్ని రకాల ముక్కలుంటాయమ్మా?” అన్నారు. “నాలుగండి.” “ఏవేవి?” నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది. “మత్తయి, మార్కు, లూకా, యోహాను అండి.”

పక్కన కూర్చున్న గంట మాస్టారు తలెత్తి ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయారు. పెద్దాయన మాత్రం కదల్లేదు. “ఎర్రవేవి?” అన్నారు మెల్లగా. ఇక వెనక్కి వెళ్ళే దారి లేదు. “మత్తయి, లూకా అండి.” “రాణులు?” “నలుగురండి. ఎస్తేరు, షేబ దేశపు రాణి, వష్తి, యెజెబెలు.” “జోకరు ఉన్నాడా?” “యూదా ఉన్నాడండి. కానీ లెక్కలో కలపకూడదండి.” “సరే, ఎర్రరాణి వచ్చే సంభావ్యత?” “ఇరవై ఆరింట ఒకటండి.” ఆయన పెన్ను కింద పెట్టి చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపు భుజాలు మాత్రం కదిలాయి. తర్వాత గొంతు సవరించుకుని, “సగటు యాభై, విచలనం పది అనుకో. డెబ్బై దాటేవి ఎన్ని?” అన్నారు. రెండు విచలనాల అవతల. నాన్న మంచి ప్రసంగాలు. “వందకి రెండు పైచిలుకండి” అన్నాను నార్మల్ టేబులు వైపు చూడకుండానే. “ఇక వెళ్ళమ్మా” అన్నారాయన, ఇంకా రుమాలు తియ్యకుండానే.

వరండాలో మాస్టారు వెంటపడి వచ్చి, “లెక్కలన్నీ కరెక్టే అమ్మా. ముక్కలే మతం పుచ్చుకున్నాయి” అన్నారు. అది ఓదార్పో వెక్కిరింతో నాకు అర్థం కాలేదు. ఫెయిలైపోయానని తీర్మానించుకుని అవనిగడ్డ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఏడ్చాను. ఇంటికెళ్ళి జరిగిందంతా చెప్పేశాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత, “ఆ గుడివాడ ఆయన షేబ దేశపు రాణి ఎవరని అడిగాడా?” అన్నాడు. “లేదు నాన్నా.” “అడగాల్సింది” అన్నాడు బాధగా. “ఒక్క మాట అడిగి ఉంటే ఆవిడ సొలొమోను రాజుని పరీక్షించిన సంగతంతా చెప్పేదానివి.”

నేను పాసయ్యాను. ప్రాక్టికల్స్‌లో క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు నావే. ఇప్పుడు ఎప్పుడైనా ఆ దారిలో వెళ్తుంటే, కిటికీ పక్క సీట్లో ముక్కు ఎర్రగా చేసుకుని, ఇక తన బతుకు అయిపోయిందని గట్టిగా నమ్మిన ఆ రెండు జడల పిల్ల గుర్తొస్తుంది. పక్కన చోటిస్తే కూర్చుంటాను. ఏడవకు అని మాత్రం చెప్పను, ఆ వయసులో అంత మనస్ఫూర్తిగా ఏడవడం మళ్ళీ కుదరదు. చల్లపల్లి దాకా ఏడవనిచ్చి, బస్సాగాక ఉప్పూ కారం చల్లిన ఓ జామకాయ కొనిపెడతాను.