ఖాళీ గడి

ఉషారాణికి ఆ ఏడాది ఎండాకాలం, దాని వెనకే వచ్చిన వానాకాలం, రెండూ ఒక సర్వర్‌తో పేచీలోనే గడిచిపోయాయి.

ఆవిడ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో పుట్టింది. తాత బొబ్బిలి వైపు నుంచి రైలు పట్టాల గ్యాంగు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. తండ్రి లోకో షెడ్డులో ఫిట్టరు. కట్టుకున్న సూర్యం గూడ్సు గార్డు. రైలు తప్ప వేరే మాట లేని ఆ ఇంట్లో ఉషారాణి ఒక్కతే లెక్కల్లో డిగ్రీ చేసి, ఆపైన పీజీడీసీఏ చదివి, కంప్యూటర్ల దారి పట్టింది. కొన్నేళ్లు కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పింది. తరవాత రాజేంద్ర సాహు అనే ఆయన లింక్ రోడ్డులో మందుల షాపు మీద రెండు గదులు తీసుకుని సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెడితే అందులో చేరింది.

ఆ ఆఫీసుకి కూడు పెట్టేది ఒకే ఒక్క ప్యాకేజీ. ఆసుపత్రుల్లో రోగుల పేర్లు ఎక్కించడం, మందుల చీటీలు, రక్త పరీక్షలు, అన్నీ అందులోనే. ముప్పాతిక వంతు ఉషారాణి చేత్తో రాసిందే. ఊళ్లో చిన్నాచితకా నర్సింగ్ హోములు దాన్ని వాడుకుంటూ, ఎప్పుడైనా ఆగిపోతే ఫోను చేసి తిట్టుకుంటూ, ఏ గొడవా లేకుండా బతుకుతున్నాయి.

ఆ నర్సింగ్ హోముల్లో ఒకటి పెరిగి పెద్దదై, తోర్వా వైపు నాలుగంతస్తుల ఆసుపత్రి అయింది. పెద్ద ఆసుపత్రి అన్నాక పెద్ద సర్వర్ ఉండాలనుకున్నారు. ఖరీదైన కొత్త డేటాబేసు సర్వర్ ఒకటి కొని, పాత సమాచారమంతా తమ మనుషుల చేతే అందులోకి ఎక్కించుకుని, ప్యాకేజీని దాని మీద నడిపించమని సాహు జీని అడిగారు. ఆయన అక్కడికక్కడే ఒప్పేసుకుని వచ్చాడు.

"ఏముంది మేడం, మధ్యలో లైబ్రరీ ఉంది కదా. ఒక్క లైను మారిస్తే ఏ సర్వర్ మీదైనా నడుస్తుందని మీరే చెప్పారు," అన్నాడు.

చెప్పిన మాట నిజమే. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలది కాదు. ప్రోగ్రాముకీ సర్వర్‌కీ మధ్య నిలబడి దుబాసీ పని చేసే కోడు. ఎవరో ఊరూపేరూ తెలియని మహానుభావులు రాసి ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టారు. ప్రోగ్రాము దాన్ని అడుగుతుంది, అది సర్వర్‌ని అడిగి జవాబు తెచ్చిపెడుతుంది. ఏ సర్వర్‌తోనైనా మాట్లాడతానని దాని మొదటి పేజీలోనే రాసి ఉంది. మాట్లాడటమైతే మాట్లాడింది. కాని సర్వర్‌కి ఉన్న పట్టింపులు దానికి పూర్తిగా తెలియవు.

మొదటి రోజే స్క్రీన్లన్నీ తెల్లబోయాయి. కొత్త సర్వర్ సమాచారం దాచే గడుల పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో తిరిగి ఇస్తోంది, ప్రోగ్రాము చిన్నక్షరాల్లో వెతుక్కుంటోంది. అది సరిచేస్తే, పేరు కాస్త పొడుగైన పట్టికలు వద్దని మొండికేసింది. వాటి పేర్లు ఉషారాణి కుదించింది. ఓపీలో వరస ప్రకారం మొదటి ఇరవైమంది కావాలని అడిగితే, చేతికందిన ఇరవైమందిని ముందు పట్టుకుని, ఆ తరవాత వాళ్లను వరసలో నిలబెట్టి పంపింది. పొద్దున్నే వచ్చిన ముసలివాళ్లు బెంచీ మీద ఉండగా, పదకొండింటికి వచ్చినవాళ్లని లోపలికి పిలిచారట. దానికి ఆవిడ లైబ్రరీలో ఒక మెలిక పెట్టి, ముందు వరస, తరవాత లెక్క చూసేలా చేసింది.

ఇలా ఒకటి కడితే ఇంకోటి ఊడేది. ఉషారాణి పొద్దున వంట చేసి రాజ్‌కిశోర్ నగర్ నుంచి స్కూటీ మీద అర్పా వంతెన దాటి ఆఫీసుకి వచ్చేది. సాయంత్రం అదే వంతెన మీద లారీల వెనక నిలబడి ఇంటికి వెళ్లేది. కళ్లు మూసుకుంటే స్క్రీను మీది అక్షరాలు కదిలేవి. సూర్యం డ్యూటీ నుంచి వచ్చి, "ఏటలా ఉన్నావు?" అంటే ఏం చెప్తుంది? మిషను పెద్దక్షరాలు ఇస్తోందనా?

వానలు పడ్డాక ఒక ఆదివారం మేనమామ అప్పలకొండ వచ్చాడు. లోకో షెడ్డులో ఖలాసీగా చేసి రిటైరై, బుధ్వారీ బజారు వెనక ఉంటున్నాడు. దగ్గు మనిషి. సూర్యం తెచ్చిన సమోసా తుంచుకుంటూ అన్నాడు:

"మీ కంప్యూటరు నన్ను మరిసిపోనాదే అమ్మీ."

"ఏటయింది మావయ్యా?"

"ఆ తోర్వా ఆస్పత్రికి నెలలో మూడుసార్లు ఎల్లినాను. ఎల్లినప్పుడల్లా నీ పేరు నేదంటన్నారు. కొత్త కార్డు రాస్తన్నారు. పాత ఎక్స్‌రే ఏదంటే, నువ్వు కొత్తోడివి, నీకెక్కడి ఎక్స్‌రే అంటది ఆ కిటికీలో పిల్ల."

"నీ పేరు తప్పు కొట్టుంటారు."

"నా పేరులో తప్పు కొట్టడానికేటుంది? రైల్వేవోళ్లు అప్పలకొండ అనే రాసినారు. ఇంటిపేరు ముక్క ఎక్కించనేదు. నా ఒక్కడికే గాదు, మా షెడ్డులో చేసిన నూకరాజుకీ అలాగే అయ్యింది. పల్లెల్నుంచొచ్చిన ఆడోళ్లకీ అంతే, లైన్లో సూసినాను."

ఉషారాణి టీ గ్లాసు కింద పెట్టేసింది. పేరు ఒక గడి, ఇంటిపేరు ఒక గడి. ఇంటిపేరు లేనివాళ్లకి రెండో గడి ఖాళీగా వదిలేసేవారు. వెతికేటప్పుడు ప్రోగ్రాము, పేరు అప్పలకొండ, ఇంటిపేరు ఖాళీ, అలాంటి మనిషి ఉన్నాడా అని అడుగుతుంది. పాత సర్వర్ ఉన్నాడనేది.

సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్లి కూర్చుని చూస్తే అనుకున్నదే. కొత్త సర్వర్‌కి ఖాళీ అనే విలువే లేదు. ఏమీ రాయని గడి ఇస్తే, దాన్ని అసలు తెలియని గడి కింద కట్టేస్తుంది. తెలియనిది దేనితోనూ సమానం కాదు, ఖాళీతో కూడా కాదు. అందుకని ఇంటిపేరు లేనివాళ్లెవరూ దానికి ఎప్పటికీ దొరకరు. ఉన్నారు, కాని అడిగితే పలకరు. రిజిస్ట్రేషను కిటికీలో పిల్ల తప్పేం లేదు. పేరు రాకపోతే కొత్త కార్డు రాయమనే చెప్పారు తనకి.

సాహు జీ వింటూనే ఉపాయం చెప్పాడు. "ఇంటిపేరు లేనివాళ్లకి ఒక చుక్క పెట్టేద్దాం మేడం. చుక్క ఖాళీ కాదు కదా."

"చుక్క పెడితే చీటీ మీద కూడా చుక్క పడుతుంది సాహు జీ. ఇంకో చోట ఇంకో ఖాళీ గడి ఉంటుంది. ఎన్ని చోట్ల పెడతాం? లైబ్రరీలోనే సరిచేస్తాను. ఖాళీ అని అడిగినప్పుడల్లా, తెలియనిదా అని అడిగేలా మారుస్తాను."

"అచ్ఛా, ఎప్పటికవుతుంది?"

"అయినప్పుడు చెప్తాను."

ఆ వారమంతా ఆవిడ లైబ్రరీ లోపల ఒకరి రాతని అక్షరం అక్షరం చదువుకుంటూ కూర్చుంది. అడిగే దారి సర్దుకుంది. అప్పలకొండ పేరు కొడితే ఒకడు కాదు, నలుగురు అప్పలకొండలు వచ్చారు. పాతవాడొకడు, కొత్త కార్డుల వాళ్లు ముగ్గురు. ఆ నలుగుర్నీ ఒక్కణ్ణి చెయ్యడం, అలాంటివాళ్లు ఇంకా ఎంతమందో వాళ్లందర్నీ కలపడం, అదంతా చేత్తో చెయ్యాల్సిన చాకిరీ. సరే, చేసుకుందామనుకుంది.

ఇక తిరిగొచ్చే దారి మిగిలింది. సర్వర్ తెలియదు అని పంపినప్పుడు లైబ్రరీ దాన్ని మళ్లీ ఖాళీ చేసి ప్రోగ్రాముకి అందించాలి. నాలుగు మాటల పని. రాసింది. నడిపించింది. స్క్రీన్లన్నీ పూర్వంలా నిండుగా కనపడ్డాయి. సాహు జీ వెనక నిలబడి చూసి, సంతోషంగా ఆసుపత్రికి ఫోను చెయ్యబోయాడు.

అప్పుడు ఆవిడ కంట పడింది, పడని మందుల గడి.

ఆ గడిలో మూడు రకాలుండేవి. మందు పేరు రాసి ఉంటే, అది ఆ రోగికి పడదని. ఖాళీగా ఉంటే, నర్సు అడిగింది, ఏమీ లేవన్నారని. అసలు ముట్టుకోకుండా ఉంటే, ఇంకా అడగలేదని. అడగని వాళ్లకి స్క్రీను మీద ఎర్రగా ‘అడగలేదు’ అని కనిపించేది, అది చూసి నర్సు అడిగేది. కొత్త సర్వర్లోకి ఎక్కించిన రోజునే చివరి రెండు రకాలూ ఒక్కటైపోయాయి. ఇప్పుడు తను రాసిన నాలుగు మాటల వల్ల వాళ్లందరికీ ‘లేవు’ అని చూపిస్తోంది. అడిగినవాళ్లకీ లేవు, అడగనివాళ్లకీ లేవు.

"పాత మిషన్లో చూసి వేరు చెయ్యొచ్చు కదా," అన్నాడు సాహు జీ.

ఆసుపత్రికి ఫోను చేస్తే, ఆ మిషన్ని ఫార్మాట్ కొట్టి స్టోర్సుకి ఇచ్చేశామన్నారు.

సాహు జీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆయనకీ ఆ ఎండాకాలం అంతా ఫోనులో మాటలు పడీ పడీ ముఖం వాడిపోయి ఉంది. "మేడం, ఇప్పుడు బాగానే కనపడుతోంది. ఇలా వదిలేద్దాం. చీటీ రాసేముందు డాక్టరు ఎలాగూ అడుగుతాడు."

"స్క్రీను మీద లేవు అని ఉంటే ఎందుకడుగుతాడు?"

"అయితే ఏం చేద్దామంటారు?"

ఉషారాణికి ఒంట్లో శక్తి లేదు. సరే అనడం ఎంత తేలికో ఆవిడకి తెలుసు. అంటే రేపట్నుంచి ఫోన్లు ఆగిపోతాయి, సాయంత్రం వెలుతురుండగా ఇంటికి పోవచ్చు.

"అందరికీ అడగలేదు అని చూపిస్తాను. మళ్లీ అడగమందాం. ఇకమీదట లేవంటే, లేవు అనే మాటే రాసి దాచేలా మారుస్తాను. ఖాళీగా వదలడం ఉండదు."

"అందర్నీ మళ్లీ అడగాలా? ఆ నర్సులు నన్ను బతకనివ్వరు."

"నా నంబరివ్వండి. నేను మాట్లాడతాను."

ఆయన ఇంకో రెండు రోజులు నసిగాడు. ఆసుపత్రి వాళ్లకి ముందు వేరే సాకేదో చెప్పి చూశాడు, కుదరలేదు. చివరికి నంబరిచ్చాడు.

ఫోన్లు వచ్చాయి. ఓపీలో హెడ్ నర్సు మీనాక్షి తమిళావిడ, హిందీ గట్టిగా మాట్లాడేది. "మీ కంప్యూటరు పాడైతే మేం ఊరందర్నీ అడుగుతూ కూర్చోవాలా? ఇక్కడ లైను గేటు దాకా ఉంది," అంది. ఉషారాణి ప్రతిసారీ అదే చెప్పింది. అవునమ్మా, పాడైంది. ఎవర్ని అడిగారో ఎవర్ని అడగలేదో ఇప్పుడు చెప్పలేం. అందుకే అడగమంటున్నాం. మూడోసారో నాలుగోసారో మీనాక్షి, "సరే, అడుగుతాంలే," అని ఫోను పెట్టేసింది. తరవాత ఆవిడ నుంచి ఫోను రాలేదు.

ఉషారాణి పొద్దున్నపూట లైబ్రరీ సంగతి చూసుకుంటూ, మధ్యాహ్నాలు ఆసుపత్రిలో ఒక మూల మిషన్ దగ్గర కూర్చుని రెండేసి మూడేసి కార్డులుగా విడిపోయిన మనుషుల్ని ఒక్కటి చేస్తూ పోయింది. వయసు కలిస్తే, ఊరు కలిస్తే, తండ్రి పేరు కలిస్తే ఒకరే. అనుమానం వస్తే కలపకుండా వదిలేసేది. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు సుఖమతీబాయిల దగ్గర పూట గడిచిపోయింది. ఆ పనికి ఎవరూ మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు.

దసరా ముందు మేనమామని చూడ్డానికి వెళ్లింది. దగ్గు కొంచెం తగ్గింది. మంచం మీద కూర్చుని, అడక్కుండానే చెప్పాడు.

"మొన్న ఎల్లినాను. నా పేరు దొరికింది, పాత ఎక్స్‌రే కూడా తీసినారు. ఒక నర్సమ్మ, నీకేటి పడదయ్యా అనడిగింది. ఇన్నేళ్లలో నన్నెవులూ అడగనేదు ఆ మాట."

"ఏటన్నావు?"

"వంకాయ పడదన్నాను. దురద ఎత్తుతాది గదా."

ఉషారాణి ఆ నెలలో మొదటిసారి నవ్వింది.

"ఆయమ్మా నవ్వింది. వంకాయ గాదు, మందులేటి పడవు అనడిగింది. అప్పుడు గ్నాపకమొచ్చింది. చిన్నప్పుడు వాల్తేరులో ఏవో బిళ్లలిస్తే నోరంతా పొక్కిపోయి, వారం గంజి తాగినాను. బిళ్ల పేరు తెల్దన్నాను. అలాగే రాసుకుంది. డాక్టరు చూసి, రాసిన చీటీ కొట్టేసి ఇంకోటి రాసిచ్చినాడు."

"ఏం కొట్టేశాడు?"

"నాకేటి తెలస్తాది? ఇంగిలీసు."

మామయ్య ఆ మాటని అక్కడితో వదిలేసి, షెడ్డులో పాతకాలం నాటి ఎవరి సంగతో ఎత్తుకున్నాడు. ఉషారాణి వింటూ గోడకి ఆనుకుంది. కొట్టేసిన మందు ఏదో, అది నిజంగా పడనిదేనో కాదో, ఆవిడకి తెలియలేదు. తెలుసుకోవాలని ఆసుపత్రికి వెళ్లనూ లేదు.

లైబ్రరీలో చేసిన మార్పులన్నిటినీ శుభ్రంగా సర్ది, ఆ సర్వర్ వాడే ఇంకెవరికైనా పనికొస్తాయని, లైబ్రరీ చూసుకునేవాళ్లకి పంపింది. ఇంగ్లీషులో ఆ ఉత్తరం రాయడానికే ఒక రోజు పట్టింది. చాన్నాళ్లకి రెండు ముక్కల జవాబు వచ్చింది. వరసల సంగతి తీసుకున్నాం, ఖాళీల సంగతి మా పద్ధతికి సరిపడదు అని. ఆవిడ దాన్ని రెండుసార్లు చదివి, వాళ్లదీ తప్పు కాదనుకుంది. ఆ తరవాత లైబ్రరీ కొత్తది వచ్చినప్పుడల్లా తన మార్పుల్ని చేత్తో మళ్లీ అందులో అతికించుకోవాల్సి వచ్చేది. అది ఏడాదికి రెండుసార్లు వచ్చే పనిగా మిగిలిపోయింది.

చలికాలం మొదలయ్యాక సాహు జీ కోర్బా నుంచి వచ్చాడు. అక్కడి ఆసుపత్రి వాళ్లకీ ప్యాకేజీ కావాలట. వాళ్ల సర్వర్ ఇంకో రకం.

"ఎన్నాళ్లు పడుతుంది మేడం?" అని ఈసారి ఒప్పుకునే ముందే అడిగాడు.

"చూడకుండా చెప్పలేను. ముందు సర్వర్‌ని చూస్తాను, తరవాత చెప్తాను. అందాకా నాకు వారం సెలవు కావాలి."

ఆయన తల గోక్కుని, సరేనన్నాడు.

ఆ వారం ఉషారాణి ఎక్కడికీ వెళ్లలేదు. మధ్యాహ్నం అన్నం తిని, డాబా మీద ఎండలో చాప వేసుకుని పడుకునేది. కింద సీపత్ వెళ్లే బస్సులు హారన్ కొట్టుకుంటూ పోయేవి. సూర్యం డ్యూటీ దిగి వచ్చి మెట్ల దాకా ఎక్కి చూసి, లేపకుండా కిందికి దిగి, తన టీ తనే పెట్టుకునేవాడు.