అందరి వదిన

మా కుట్టు షెడ్డులో ఆమెను వదినా అని పిలవనివాళ్ళు లేరు. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన వాచ్‌మన్‌కి కూడా ఆమె వదినే. దారాలు కత్తిరించే బల్ల దగ్గర పనిలో చేరి, మా లైనుకు సూపర్‌వైజర్ అయింది. పనితనం చూసి ఇచ్చిన పదవి కాదది. నిజం చెప్పాలంటే ఆమె కుట్టు వంకరటింకరే. ఆమె మాటను ఎవరూ కాదనరని మేనేజరు కనిపెట్టాడు, అంతే.

ఎవరి కళ్ళు ఎర్రబడ్డా అంత దూరం నుంచే పసిగట్టేది. దగ్గరికొచ్చి, "లే, ఇలా ఇవ్వు" అని మన మిషను ముందు తను కూర్చునేది. మనం పక్కన స్టూలు మీద కూర్చుని ఏడవచ్చు. తను కుడుతూ వినేది. ఆ కుట్లన్నీ తర్వాత విప్పి మళ్ళీ మనమే వేసుకోవాలి, అది వేరే సంగతి. బొత్తాలమ్మాయికి కుదిరిన పెళ్ళి చెడిపోయినప్పుడు ఆ పిల్లకంటే ఎక్కువ ఏడ్చింది ఈమే. అందులో నటన లేదు. ఉంటే నేను ఇట్టే పట్టేసేదాన్ని. నా అనుమానం సంగతీ నా నోటి సంగతీ షెడ్డులో అందరూ ఎరుగుదురు.

అలాంటి నేనే ఒకరోజు ఆమెకు నా చెయ్యి చూపించాను.

చొక్కాకు కాలరు కుట్టడం అందరికీ అప్పగించే పని కాదు. ఆ మిషను నాది. ఇంట్లో ఎవరూ నా సలహా అడిగిన పాపాన పోలేదు కానీ, షెడ్డులో మాత్రం ఏ అనుమానం వచ్చినా "కాలరక్కను అడగండి" అనేవాళ్ళు.

"వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి వదినా. మందులు వాడితే తగ్గుతుందన్నాడు డాక్టరు. ఈలోగా తెలిసిందంటే మిషను మీంచి లేపేస్తారు. కడుపులో పెట్టుకో."

"పిచ్చిమొద్దూ, నా ప్రాణం పోయినా పైకి రాదు," అంది. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. ఆ రోజు ఇంటికి ఎంత తేలికగా వెళ్ళానో!

తర్వాతి సోమవారం వెళ్ళేసరికి నా మిషను ముందు బొత్తాలమ్మాయి కూర్చుని ఉంది. వెనకాల వదిన నిలబడి కాలరు మూల ఎలా తిప్పాలో చెబుతోంది, అదీ తప్పుగా. నా కత్తెర, నా దిండు దారాల బల్ల మీద పొందికగా సర్ది ఉన్నాయి.

"వచ్చావా? అక్కడ నీకు ఫ్యాను గాలి కూడా తగులుతుంది. మేనేజరుతో నేనే మాట్లాడాను," అంది ఎంతో సంతోషంగా.

షెడ్డంతా నా చేతికేసే చూస్తోంది. ఎవరో కుర్చీ జరిపి, "చెయ్యి జాగ్రత్తక్కా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎవరికీ చెప్పనన్నావుగా వదినా?"

"నీ నొప్పి తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదే. నేను చూస్తూ ఊరుకోనా?"

నోట్లో నువ్వుగింజ నానని మనిషికి చెప్పుకుని ఉంటే నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఈమె అలాంటిది కాదు. మన బాధ ఒకసారి ఆమె చెవిన పడితే అది ఆమె సొంతం. ఇక దాన్ని ఏం చేయాలో మనల్ని అడగదు.

"నమ్మించి గొంతు కోశావు," అన్నాను, అందరికీ వినబడేలా.

ఆమె మొహం వాడిపోయింది. స్టూలు మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. "నీ మంచి కోరితే ఇంత మాటంటావా కాలరక్కా!" అంది బొత్తాలమ్మాయి, నా కుర్చీలోంచి లేవకుండానే.

అందరూ నా వైపే చూస్తున్నారు. తిమ్మిరెక్కిన చేత్తోనే ఆమె వీపు నిమిరి, "ఊరుకో వదినా," అన్నాను. తర్వాత దారాల బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. నాకూ ఏడుపు ముంచుకొస్తోంది. ఆ షెడ్డులో నా దగ్గరికొచ్చి ఓదార్చే మనిషి ఆమె ఒక్కతే.