రాతి దుమ్ము గురించి నేను దాచిన మాట

ఆళ్లగడ్డలో నాకు బాగా తెలిసిన ఒక శిల్పి బీడీలు తాగి, క్షయ ముదిరి చనిపోయాడని మా వైపు అందరూ అనుకుంటున్నారు. శిల్పుల సంఘం పెట్టిన సంతాప సభలో మైకు పట్టుకొని కూడా అదే చెప్పారు. అది అబద్ధం. ఆయనకు క్షయ లేదు. బీడీలు పెళ్లికి ముందే మానేశాడు. ఆ అబద్ధాన్ని పుట్టించింది నేను.

నంద్యాలలో నాకు మిషన్ల షాపు ఉంది. గ్రైండర్లు, రాయి కోసే మిషన్లు, డ్రిల్లులు అమ్ముతాను. డిగ్రీలో ఫిజిక్స్ చదివాను. ఆళ్లగడ్డ శిల్పులకు మొదటిసారి డైమండ్ బ్లేడు చూపించడానికి ఆయన షెడ్డుకే వెళ్లాను. ఆయన మాట మిగతావాళ్లు వింటారని ఆయన్నే ఎంచుకున్నాను.

ఆ రోజు ఆయన నల్లరాతిలో నరసింహస్వామి జూలు చెక్కుతున్నాడు. ఉలితో నాలుగు దెబ్బలు వేసి, వంగి, రాతికి మొహం ఆనించినంత దగ్గరగా పెట్టి ఉఫ్‌మని ఊదేవాడు. దుమ్ము లేస్తే కింద ఎర్రమట్టి జాజుతో గీసుకున్న గీత కనబడుతుంది. మళ్లీ నాలుగు దెబ్బలు, మళ్లీ ఊదడం. అక్కడ పని నేర్చుకునేవాళ్లు అందరూ ఉలి పట్టడంతో పాటే ఇలా ఊదడమూ నేర్చుకుంటారు. ఉలి పనిలో అది పెద్ద హాని చేసేది కాదు. ఉలి దెబ్బకు రాలే రాయి చాలావరకు పలుకులు పలుకులుగా కాళ్ల దగ్గర పడుతుంది. బ్లేడు అలా కాదు. రాయిని పిండి చేస్తుంది.

నేను మిషన్ ఆన్ చేసి రాతిలో ఒక గాడి తీసి చూపించాను. పక్క షెడ్ల వాళ్లంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"యో, రాతిని వంకాయ కోసినట్ల కోస్తాండాదే!" అన్నాడొకడు.

ఆయన మాత్రం మిషన్‌ని చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూశాడు. బ్లేడు పక్కన సన్నటి గొట్టం ఉంది. "ఈ నీళ్ల పైపు యాలప్పా దీనికి?" అని అడిగాడు.

"బ్లేడు కాలకుండా అన్నా. నీకు పనిల్యా దాంతో."

"ఈ పిండి లోపలికి పోతే ఏం గాదా?"

"అంత సన్నగా ఉండాది, ఏం జేస్తాది? వచ్చింది వచ్చినట్ల బయటికి పోతాది" అన్నాను.

నిజం దానికి సరిగ్గా తలకిందులు. దుమ్ము ఎంత సన్నగా ఉంటే ఊపిరితిత్తుల్లో అంత లోతుకు పోతుంది. నీళ్లు పారిస్తూ కోయమని, ముక్కుకు మాస్కు కట్టుకోమని, రాతి ధూళి ప్రాణం తీస్తుందని పెట్టెలో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో రాసి ఉంది. నేను చదివాను. కానీ నీళ్లు పడితే జాజు గీత చెరిగిపోతుంది. గీత చెరిగితే వాళ్లు మిషన్ ముట్టరు. అందుకని ఆ పుస్తకాన్ని చెత్తబుట్టలో వేశాను. ఆ దుమ్ము ఏం చేస్తుందో తెలుసుకోవడానికి ఎంతమంది కార్మికుల ఊపిరితిత్తులను కోసి చూసి ఉంటారో. ఆ బ్లేడును కనిపెట్టిందీ సైన్సే, ఈ సంగతి కనిపెట్టిందీ సైన్సే. నేను ఒకటి అమ్మి, రెండోది పారేశాను. సైన్సుకు మంచీ చెడూ లేవు, వాడేవాడి చేతిలో ఉంటుందని మా లెక్చరర్ చెప్పేవాడు. వాడేవాడికి సగమే చెప్పి అమ్మేవాడి సంగతి ఆయన చెప్పలేదు.

రెండేళ్లలో షెడ్డు షెడ్డుకూ మిషన్ వచ్చింది. అహోబిలం పోయే కార్లు ఆగి, పదిహేను రోజుల్లో విగ్రహం కావాలని అడగడం మొదలుపెట్టాయి. అంత తొందర దేవుడికేం లేదు, కొనేవాళ్లకే. రోడ్డు పక్క వేపచెట్లు పిండి చల్లినట్టు తెల్లబడ్డాయి. వాన పడితే తప్ప ఆకు పచ్చగా కనబడేది కాదు. చెట్టు అలా అయితే దాని కింద కూర్చున్నవాడి లోపల ఎలా ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు. నాకు ఆలోచించాల్సిన పని కూడా లేదు, తెలుసు. ఆయన మిషన్ ఆపి, అలవాటు ప్రకారం వంగి, మొహం రాతికి ఆనించి ఊదుతూనే ఉన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను.

దగ్గు పట్టుకుంది. కళ్లె పరీక్షలో ఏమీ కనబడకపోయినా క్షయ మాత్రలు ఇచ్చారు. అవి అయిపోయాక మళ్లీ ఇచ్చారు. ఏం పని చేస్తావని ఒక్క డాక్టరూ అడగలేదు. ఆళ్లగడ్డ నుంచి వచ్చినవాణ్ణి ఆ మాట అడగడానికి అంత తెలివి కావాలా? చివరికి నేనే కారులో కర్నూలు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు మొదట అడిగిందే ఆ ప్రశ్న. తర్వాత ఆయన్ని ఇంకో పరీక్షకు పంపి, నన్ను లోపలికి పిలిచి ఎక్స్‌రే చూపించాడు.

"ఇది క్షయ కాదు, రాతి దుమ్ము. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. నయం చేసే మందు లేదు. ఇప్పటికైనా దుమ్ము నుంచి తప్పుకుంటే కొన్నేళ్లు బతకొచ్చు. మీరు చెప్పండి, మీ మాట వింటాడు" అన్నాడు.

తిరిగి వస్తుంటే కారులో అడిగాడాయన. "ఏమన్న్యాడప్పా డాక్టరు?"

షాపులో కొత్త సరుకు దిగి వారం కాలేదు. ఈయన మిషన్ కింద పెడితే ఆళ్లగడ్డ మొత్తం కింద పెడుతుంది. "పాత బీడీలంటన్నా. వాటి వల్లనే క్షయ తగ్గల్యాదంట" అన్నాను.

ఆయన దగ్గుతూనే నవ్వాడు. "మానేసి ఇన్నేండ్లాయ గదప్పా. అది నన్నింకా మర్సిపోల్యాదా?" తర్వాత అడిగాడు, "పని జేసుకోవచ్చునా?"

"చేసుకో. కొంచెం నిమ్మళంగా."

మరుసటి రోజే షెడ్డుకు పోయాడు. ఏడాది తిరగకుండానే పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

ఆయన తమ్ముడు అదే షెడ్డులో, అదే మిషన్ మీద, అలాగే పని చేస్తున్నాడు. ఈ మధ్య నా షాపుకు బ్లేడు కోసం వచ్చి, ధర అడిగేలోపు రెండుసార్లు దగ్గాడు. ఆ ఆదివారం వాళ్ల ఇంటికి పోయి, నేను వదినా అని పిలిచే ఆయన భార్య ముందర, అతని ముందర అంతా చెప్పేశాను.

తమ్ముడు లేచి నిలబడ్డాడు. "నీ షాపుకు నిప్పు పెడితే తప్పేందప్పా?"

"తప్పు ల్యా" అన్నాను.

వదిన ఏడవలేదు. "క్షయ ఇల్లని పక్కింటోళ్లు మా ఇంట్లో నీళ్లు తాగల్యా. నువ్వొచ్చి తాగిపోతాంటివి. నీకు దైర్యం ఎక్కువనుకుంటి" అంది. తలుపు చూపించి, "నాకు సెప్తే ఏం లాభం? ఆ పొద్దు మైకు పట్టుకొని సెప్పినోళ్లకు సెప్పుపో. బీడీలు అన్న్యావే, ఆ నోటితోనే సెప్పు" అంది.

సంఘం ఆఫీసులో ఆయనది క్షయ కాదని, బీడీల అబద్ధం నాదేనని చెప్పాను. నీళ్లు పారించి కోయాలని, గీత చెరగకుండా ఇంకేదన్నా రంగు వెతుకుదామని, ఊదడం ఈ రోజే మానేయాలని చెప్పాను.

"ఇన్ని దినాలు మిషన్లు అమ్మినావు. ఇప్పుడు మాస్కులు దెచ్చినావా అమ్మేదానికి?" అన్నాడు ఒక పెద్దాయన. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు నాకు కోపం రాలేదు. వాళ్లు నన్ను నమ్మకపోవడం న్యాయమే. కానీ నమ్మకుండా రేపు మళ్లీ అదే దుమ్ములో కూర్చుంటారన్నది తట్టుకోలేకపోయాను. అరిచాను. అరుపు వల్ల ఏమీ కాలేదు. ఇద్దరు ముగ్గురు మాత్రం బయటికొచ్చి, ఎక్స్‌రే ఎక్కడ తీస్తారని మెల్లగా అడిగారు.

తమ్ముణ్ణి కారెక్కమన్నాను. ఎక్కనన్నాడు. బస్సులో కర్నూలు పోయాడు, నేను వెనకే పోయాను. అదే డాక్టరు. పేరు పిలిచినప్పుడు నేనూ లేచాను. అతను తలుపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ఈడనే ఉండు. డాక్టరు సెప్పేది ఈ తూరి నేనే ఇంటా."