శనివారం ఊరేగింపు

1998 సెప్టెంబరు 9, బుధవారం సాయంత్రం, పటమటలో చర్చి వెనక గది. హాజరైనవారు: కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మా కమిటీ కార్యదర్శి, ఆ చర్చి పాస్టరుగారు, మార్కెట్టులో చేపలమ్మే ఒకామె, ఆమె తోడికోడలు, నేను. అప్పటికి నేనింకా ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగంలో ఉన్నాను. కమిటీలో నా పని సమావేశాల వివరాలు రాసిపెట్టడం.

పెరుగుతున్న అసమానతల మీద పోరాడాలని పెట్టుకున్న కమిటీ అది. ఉపన్యాసాలు బాగానే ఉండేవి. వినేవాళ్లం మాత్రం ఎప్పుడూ మేమే, ఉద్యోగులం, లెక్చరర్లం. కష్టపడేవాళ్లలో చైతన్యం లేదని కార్యదర్శిగారు తరచూ అనేవారు. చివరికి వాళ్లనే పిలిచి అడుగుదామనుకున్నాం.

మార్కెట్టులో అప్పుడు ఆశీలు గొడవ నడుస్తోంది. కూర్చుని అమ్ముకునేవాళ్ల దగ్గర రోజూ డబ్బు వసూలు చేసే హక్కును వేలంలో పాడుకున్న పాటదారు, గంపల మీద ఆశీలు పెంచాడు. చేపల చెరువుల ఆసాముల లారీల జోలికి పోలేదు.

"ఆదివారం పొద్దున్నే ఊరేగింపు పెడదాం. అందరికీ సెలవు," అన్నారు కార్యదర్శి.

పాస్టరుగారు నవ్వారు. "మాకు ఆరాధన ఉంటుందండీ. ఇన్నాళ్లూ మావాళ్లు రానిది అందుకే."

చేపలామె అందుకుంది. "మాష్టారూ, ఆదివారం మీటింగుకెళ్తా కొర్రమీను కోసి ఉంచమని నాకు చెప్పేది తమరే గదండీ. నేనూ మీటింగుకొస్తే అది కోసేదెవరు?"

తోడికోడలు కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కార్యదర్శిగారు కూడా నవ్వేశారు.

"మరెప్పుడమ్మా?"

"శనివారం పెట్టండి. ఆ రోజు మీ ఇళ్లల్లో నీసు ముట్టరు. మాకు బేరాలుండవు."

అంత తేలిక సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. శనివారం సాయంత్రమని ఖాయం చేసుకున్నాం. అయితే ఆమె వెంటనే లేవలేదు.

"నేను ముందు నడిస్తే తెల్లారి నా చోటు పోద్దండీ. మా అత్త కూర్చున్న చోటది. ఆదివారం బేరం పోతే ఇక వారమంతా పస్తే."

"మేమున్నాం గదమ్మా," అన్నారు కార్యదర్శి.

"మీరుండేది పటమటలో. పాటదారుండేది మార్కెట్టులో," అంది తోడికోడలు.



శనివారం ఆమె వచ్చింది. ముందు వరసలోనే నడిచింది. చర్చి ఆడవాళ్లు గొడుగులతో వచ్చారు. "నశించాలి" అనే మాట తాము పలకబోమన్నారు. ఆ నినాదం తీసేసి "గంపకూ లారీకీ ఒకటే న్యాయం" అన్నాం. అది అందరి నోటా పలికింది. దారిలో ఇద్దరు రిక్షావాళ్లు, ఒక టైలరు వచ్చి కలిశారు. మా పాత సభ్యులు కొందరికి ఇది నచ్చలేదు. సిద్ధాంతం పలచబడిందన్నారు.

మర్నాడు ఉదయం సంచీ పట్టుకుని మార్కెట్టుకు వెళ్లాను. ఆమె చోట్లో రెండు ఐసు పెట్టెలున్నాయి. వాటి మీద పాటదారు మనిషి కూర్చుని ఉన్నాడు. ఎదురుగా గంప దించుకుని ఆమె నిలబడి ఉంది.

"నిన్న రోడ్డు మీద ఊరేగావుగా. ఇవాళ రోడ్డు మీదే అమ్ముకో," అన్నాడు.

ఆమె గంప ఎత్తుకుని గేటు బయట రోడ్డు పక్కన దించుకుంది. కాసేపటికి తోడికోడలు కూడా తన గంప ఎత్తింది. ఆ వెనక మిగతా ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చేశారు. ఆరాధన ముగించుకుని వచ్చిన చర్చి ఆడవాళ్లు గేటు దగ్గరే ఆగిపోయి కొన్నారు. లోపల ఆశీలు ఇచ్చేవాళ్లూ లేరు, కొనేవాళ్లూ లేరు.

పాటదారు మనిషి కొంతసేపు చూసి, పెట్టెలు పక్కకు జరిపించి బయటికొచ్చాడు.

"రా, నీ చోట్లో కూర్చో."

ఆమె తలెత్తలేదు. చేతిలో సగం గీకిన చేప ఉంది.

"ఉండవయ్యా. ఈ బేరాలు కానీ."