వంకర జడ

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నామె వేళ్ల కణుపులన్నీ వాచి ఉన్నాయి. వికలాంగుల పింఛను కోసం డాక్టరుకు చూపించుకోవాలని బయలుదేరి, ఆసుపత్రి దగ్గరయ్యేకొద్దీ వెనకాడుతోంది.

"మాత్ర ఏసుకున్యా, ఈపొద్దు నొప్పి తక్కువుందక్కా. డాక్టరు ముందర దొంగదాన్ని అయితానేమో."

పింఛను దానం కాదు, హక్కు అని సభల్లో నేను చేసే ఉపన్యాసం నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఆమె జడ కనిపించింది. ఒక పాయ లావుగా, ఒకటి సన్నగా ఉంది.

"జడ ఎవురేసినారమ్మా?"

ఆమె సిగ్గుపడింది. "మా ఇంటాయన. ఈ చేతుల్తో నాకు యాడైతాది? రోజూ ఆయప్పే, ఎద్దుకు పలుపుతాడు పేనినట్ల పేనుతాడు."

"ఆ మాటే డాక్టరుకు చెప్పు. అది అబద్ధం కాదు గదా."

ఆమె జడను ముందుకేసుకుని తడిమి చూసుకుంది. ఆసుపత్రి దగ్గర లేచి నిలబడితే, ఊడిపోతున్న జడను సర్దబోయాను. నా చెయ్యి ఆపింది.

"ఉండనీ అక్కా. డాక్టరు గూడా సూడనీ."